చలికి చావని పెండలం తీగ

కోస్తా జిల్లాలవారికి పెండలం గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. పులుసులో వేసినా, వేయించినా దాని రుచి దానిదే. ఇక్కడి దుకాణాల్లో ‘యామ్’ అని అమ్మేది చాలావరకు నారింజరంగు చిలగడదుంప; దానికీ పెండలానికీ చుట్టరికం లేదు. అసలు పెండలమేమో ఉష్ణదేశపు తీగ. ఒహాయో చలికి నేల గడ్డకడితే దుంప కుళ్ళిపోతుంది.

అయితే ఆ వంశంలోనే చలికి ఓర్చే తీగ ఒకటుంది. చైనా, జపాను దేశాలవారు తరతరాలుగా పండిస్తున్నారు. జపానువారి నగాయిమో ఇదే. ఇక్కడి నర్సరీలవారు ‘సినమన్ వైన్’ అంటారు, పువ్వు దాల్చినచెక్క వాసన వేస్తుంది గనుక. శాస్త్రనామం డయాస్కోరియా పాలీస్టాకియా. శీతకాలంలో తీగ ఎండిపోయినా దుంప భూమిలో బతికి, వసంతంలో మళ్ళీ మొలుస్తుంది.

ఆకు కణుపుల దగ్గర బఠాణీగింజంత చిన్న దుంపలు కాస్తాయి. వాటినే కణుపు దుంపలందాం. తీగకు సంతానం అవే, తంటా కూడా అవే. 19వ శతాబ్దంలో అందానికీ తిండికీ ఈ దేశానికి తెచ్చిన ఈ తీగ తోటలు దాటిపోయింది. కణుపు దుంపలు రాలి, వాగుల్లో కొట్టుకుపోయి, ఒడ్డున మొలిచి, అక్కడి మొక్కలను కప్పేస్తున్నాయి. గ్రేట్ స్మోకీ పర్వతాల్లో దీన్ని పీకించే పని నడుస్తూనే ఉంది. ఫ్లోరిడాలోనైతే 1905లో తెచ్చిన మరో జాతి, ఎయిర్ పొటేటో, ఇంతకంటే పెద్ద బెడద. కొన్ని రాష్ట్రాలు పాలీస్టాకియాను నిషేధిత జాబితాలో చేర్చాయి. కనుక మీ రాష్ట్ర వ్యవసాయశాఖవారి జాబితా చూడనిదే నాటవద్దు. పెరటి వెనుక వాగు గాని, అడవి గాని ఉన్నవారు ఈ ఆశ వదులుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

నాటదలచినవారు ఎండ తగిలేచోట మూడడుగుల లోతున్న చెక్కపెట్టె కట్టుకోండి. దుంప నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, పైన సన్నం, అడుగున లావు. నేలలో నాటితే దాన్ని విరగకుండా తవ్వడం నూతి తవ్వకమే! పెట్టెకు ఒక పక్క పలక ఊడేటట్టు మేకులకు బదులు మరలు బిగిస్తే పని తేలిక. ఇసుక కలిపిన మట్టి, బాగా చివికిన ఎరువు చాలు. మంచు భయం పోయాక కణుపు దుంపను రెండంగుళాల లోతున నాటి, గట్టి పందిరి వేయాలి. మొదటి ఏడు వేలంత దుంప వస్తే అదే ఎక్కువ. కూరకు రెండో మూడో ఏడు దాకా ఆగాలి. అంత ఓపిక లేనివారు దుంప తలభాగాన్ని నాలుగంగుళాలు కోసి, కోత ఆరాక నాటుకోవచ్చు. అది త్వరగా లావెక్కుతుంది. తవ్వినప్పుడల్లా తల దాచుకుంటే కణుపు దుంపలతో అవసరమే ఉండదు. స్నేహితులకు ఇచ్చినా తలభాగమే ఇవ్వండి.

చెక్కు తీస్తుంటే చేతులు దురద పెడతాయి. దుంపలోని కాల్షియం ఆక్సలేటు సూదులు గుచ్చుకోవడం వల్ల అది. ముందే చేతులకు నూనె రాసుకోండి. దురద మొదలైతే నిమ్మరసమో చింతపండు నీళ్ళో రాయండి. జిగురు బెండకాయను మించి ఉంటుంది. ముక్కలు ఆరబెట్టి వేయిస్తే బాగు. పులుసులో మాత్రం మన పెండలంతో పోటీకి నిలవదు. మధుమేహం ఉన్నవారు దీన్ని అన్నం లెక్కలోనే వేసుకోవాలి. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవారు తమ డాక్టరును అడిగి తినాలి.

‘వైల్డ్ యామ్’ క్రీములు హార్మోనులిస్తాయని కొందరు నమ్ముతున్నారు. 1940లలో రసెల్ మార్కర్ మెక్సికో దుంపల్లోని డయోస్జెనిన్ నుంచి ప్రొజెస్టెరాన్ చేసినమాట నిజమే. కాని ఆ మార్పు ప్రయోగశాలలో జరిగేది, మన శరీరం చేయగలిగింది కాదు. అడవిలో కనబడిన తీగల దుంపలు తవ్వి వండుకోవద్దు. ఈ వంశంలో చేదువీ, విషపువీ కూడా ఉన్నాయి.

వేసవి చివర కణుపు దుంపలు కనబడగానే వారానికోసారి గిల్లి, వాటిని ఉడకబెట్టి తినేయండి, లేదా చెత్తలో వేయండి. కంపోస్టు గుంటలో వేస్తే అక్కడే మొలుస్తాయి. ఆకు పసుపు తిరగకముందే పందిరి కింద పాత దుప్పటి పరిచి, తీగను నెమ్మదిగా దులిపి, రాలినవన్నీ ఏరాకే తీగ కోయండి.