పేగుల నాడీమండలమున గ్లియా కణముల రక్షణకార్యము

విరుదునగరము జిల్లాలో, పడమటి కనుమల పాదమున నున్న రాజపాళయము తెలుగువారికి క్రొత్త ఊరు కాదు. విజయనగర ప్రభువుల కాలమున దక్షిణమునకు తరలివచ్చిన రాజుల సంతతివారు నేటికిని అచట ఇండ్లలో తెలుగు మాటాడుచున్నారు. ఆ యూరి పేరును దేశమంతట వినిపించినది అచటి వేటకుక్క. పాలవంటి తెల్లని మేను, గులాబివన్నె ముక్కు దాని గుర్తులు. 2005లో భారత తపాలాశాఖ మనదేశపు నాలుగు జాతుల కుక్కల బొమ్మలతో బిళ్ళలు వెలువరించినప్పుడు వానిలో నిదియు నొకటి. ఈ జాతిలో పుట్టుచెవుడు గల పిల్లలు కనబడుట పెంపకము చేయువారెరిగిన విషయమే. తెలుపునకును చెవుడునకును ఏమి సంబంధము? ఈ ప్రశ్నను వెంబడించినచో మానవుని పేగులలో కాపు కాయుచున్న ఒక కణజాతి కడకు చేరుదుము.

పిండము రూపొందునప్పుడు, మెదడును వెన్నుపామును కానున్న నాళము పైయంచున కొన్ని కణములు విడివడును. ఈ భాగమునకు నాడీశిఖ యని పేరు. ఈ కణములు పుట్టినచోట నిలువక దేహమంతట వలసపోవును. కొన్ని చర్మమునకును రోమములకును రంగునిచ్చు వర్ణకణములగును. వానిలోనే కొన్ని లోపలి చెవిని చేరి, వినికిడికి వలయు ద్రవముల కూర్పును కాపాడును. వర్ణకణములు చేరనిచోట మేను తెల్లబడును. చెవిలో లోపించినచో వినికిడి పోవును. తెల్లకుక్కల పుట్టుచెవుడునకు సాధారణముగా నిదియే కారణము. అదే శిఖయందు మెడ ప్రాంతమునుండి బయలుదేరిన మఱికొన్ని కణములు ఆహారనాళము వెంట దిగి, పేగుగోడలో నాడీకణములుగను గ్లియా కణములుగను స్థిరపడును. ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు నికోల్ లె దువారాన్ తన సహచరురాలితో కూడి 1973లో కౌజుపిట్ట కణములను కోడిపిండమున నాటి ఈ వలసమార్గమును నిరూపించెను.

వర్ణకణములును పేగునాడులును దాయాదులనుటకు శిశువైద్యమున విషాదకరమైన సాక్ష్యము కలదు. డెన్మార్కు వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ 1886లో వర్ణించిన వ్యాధిలో పెద్దపేగు తుదిభాగమున నాడీకణములుండవు. అచట మలము ముందుకు కదలదు, కడుపు ఉబ్బును. సుమారు ఐదువేల జననములకు ఒక శిశువునకు ఈ వ్యాధి కలుగును. 1981లో బొంబాయి వైద్యులు షా మున్నగువారు, నుదుట తెల్లని జుట్టుపాయతో పుట్టి ఈ పేగువ్యాధికి లోనైన పండ్రెండుగురు శిశువుల వృత్తాంతమును ప్రకటించిరి. రాజపాళయపు కుక్కకు ఈ వ్యాధి కలదని దీని భావము కాదు; రంగు, వినికిడి, పేగుల కదలిక అను మూడింటికిని నాడీశిఖతో సంబంధము కలదని మాత్రమే గ్రహింపవలయును.

పేగుగోడలో రెండు నాడీవలలు కలవు. లోపలిదానిని మైస్నర్ 1857లోను, కండరపు పొరల నడిమిదానిని ఔయెర్బాఖ్ తరువాతి దశాబ్దమునను వర్ణించిరి. వీనియందు పదికోట్లకు పైగా నాడీకణములున్నవని అంచనా. వానిని చుట్టియుండు గ్లియా కణములు అంతకంటె నెక్కువ. గ్రీకు భాషలో గ్లియా యనగా జిగురు. మెదడులో నాడులను అతికి పట్టుకొను పదార్థమని తలచి, జర్మను పండితుడు విర్ఖో 1856లో ఈ పేరు వాడెను. పేరునుబట్టియే ఈ కణములు కేవలము ఆధారములని శాస్త్రజ్ఞులు చిరకాలము భావించిరి.

ఈ భావమును 1998లో జరిగిన ఒక ప్రయోగము కదల్చెను. జన్యుమార్పు చేసిన ఎలుకలలో ఒక మందు ద్వారా గ్లియా కణములను నశింపజేయగా, రెండు వారములలో చిన్నపేగు తీవ్రముగా వాచి, రక్తము స్రవించి, ఎలుకలు మరణించెను. అయితే 2017లో వేరొక పద్ధతిని గ్లియాను తొలగించినప్పుడు పేగు కదలికలో మార్పు కనబడెనే గాని వాపు రాలేదు. కావున గ్లియా లేనంతమాత్రమున పేగు నశించునని చెప్పరాదు. అవి రక్షణకు ఏ విధమున తోడ్పడునో విడిగా పరీక్షింపవలసి వచ్చెను.

2016లో లిస్బను పరిశోధకులు ఈ విషయమును కొంత తేటపఱచిరి. లోపలిపొర దాపున నున్న గ్లియా కణములు సూక్ష్మజీవుల జాడలను పసిగట్టి, నాడులను పోషించు కొన్ని పదార్థములను విడుచును. ప్రక్కనున్న రక్షణకణములు వానిని గ్రహించి ఇంటర్‌ల్యూకిన్-22 అను పదార్థమును పుట్టించును. దానివలన లోపలిపొర గట్టిపడి, గాయము మానును. గ్లియాకు ఈ గుర్తించు శక్తి లేకుండ చేసిన ఎలుకలు పేగువాపునకు సులభముగా లోనయ్యెను. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన ఎలుకల పేగు లోపలిపొరలో గ్లియా కొఱవడుననియు, సూక్ష్మజీవులు చేరిన పిమ్మట అవి వృద్ధియగుననియు 2015లోనే తెలిసినది. 2021లో లండను పరిశోధకులు, పేగుపురుగు సోకిన ఎలుకలలో, రక్షణకణముల నుండి వచ్చు ఇంటర్‌ఫెరాన్ సందేశమును గ్లియా గ్రహించి వాపును అదుపున నుంచుననియు, ఆ సందేశము అందనిచో గోడ సరిగా బాగుపడదనియు చూపిరి.

కాపరి యెల్లప్పుడును మేలే చేయునని అనుకొనరాదు. దీర్ఘకాలపు పేగుపూతలో గ్లియా విడుచు ఎస్-100-బి అను మాంసకృత్తు వాపును మఱింత పెంచునని తేలినది. ఈ జ్ఞానమున చాలభాగము ఎలుకలనుండి లభించినది. గ్లియానే లక్ష్యముగా చేసికొన్న ఔషధ మింకను వాడుకలోనికి రాలేదు.

అయినను పసిబిడ్డల విషయమున ఈ పరిశోధనకు ప్రాధాన్యము కలదు. హిర్ష్‌స్ప్రుంగ్ వ్యాధిలో నాడులులేని భాగమును శస్త్రచికిత్సచే తొలగించిన పిమ్మటగూడ కొందఱు శిశువులకు ప్రాణాపాయకరమైన పేగువాపు వచ్చును. అడ్డు తొలగినను రోగము మరల నేల వచ్చుచున్నది? కదలికతోపాటు రక్షణయు లోపించినదా యను ప్రశ్నను నేడు పరిశోధకులు వేయుచున్నారు. సమాధానము తేలువఱకు తల్లిదండ్రులు గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. పుట్టిన బిడ్డ రెండు దినములలో తొలిమలము విడువక, కడుపు ఉబ్బి, పచ్చని వాంతులు చేసికొన్నచో, ఆముదము మొదలగు గృహవైద్యములతో కాలము గడపక వెంటనే వైద్యునికి చూపవలయును. ఆ కడుపులో నాడులును, వానిని కాచు గ్లియాయును చేరవలసినచోటికి చేరకపోయి యుండవచ్చును.