వేడి మీదే తేలే లెక్క

ఇంజిన్ ఆయిల్ ఎంత ఉందో చూడాలంటే బండి ఆపుతాం, కాసేపు ఆగుతాం, డిప్‌స్టిక్ తీసి చూస్తాం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పికప్ ట్రక్కులో గేర్ ఆయిల్ చూసే పద్ధతి దాదాపు దీనికి తలకిందులు. ముందు బండిని బాగా తిప్పి వేడెక్కించాలి. గేర్లన్నీ ఒకసారి వేసి రావాలి. ఇంజిన్ ఆడుతుండగానే పుల్ల తీయాలి. వీటిలో ఏది తప్పినా పుల్ల మీద కనిపించే మట్టాన్ని నమ్మడానికి వీల్లేదు. దాన్ని నమ్మి ఆయిల్ పోస్తే, నిక్షేపంగా ఉన్న గేర్‌బాక్సు చేతులారా పాడవుతుంది. ఈ నియమాల వెనక ఉన్న భౌతికశాస్త్రం తెలిస్తే వాటిని బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెద్దయెత్తున మార్కెట్లోకి వచ్చింది అమెరికాలోనే. జనరల్ మోటార్స్ ‘హైడ్రా-మ్యాటిక్’ పేరుతో 1939లో దాన్ని విడుదల చేసి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో బిగించింది. పికప్ ట్రక్కుల రాజ్యం కూడా అక్కడే. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే ట్రక్కు. టెక్సస్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఎఫ్-150 వీధిలో రోజూ కనిపించే బండే. మన దేశంలో ఆటోమేటిక్ పికప్‌లు తక్కువే అయినా, ఇసుజు వీ-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ వంటివి రోడ్డెక్కాయి.

ఒకే ఆయిల్, ఐదు పనులు

మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్ ముఖ్యంగా చేసేది గేర్ల పళ్ళు అరగకుండా కాపాడటం. ఆటోమేటిక్‌లో వాడే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, క్లుప్తంగా ఏటీఎఫ్, ఐదు పనులు చేస్తుంది.

మొదటిది ఇంజిన్ శక్తిని మోసుకెళ్ళడం. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి ఉక్కు డబ్బా ఉంటుంది. అందులో ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి. ఆ ఆయిల్ ఎదురుగా ఉన్న రెక్కలను తోసి గేర్‌బాక్సును తిప్పుతుంది. మధ్యలో ఉన్న మూడో రెక్కల చక్రం వెనక్కి వచ్చే ప్రవాహాన్ని సరైన దిక్కుకు మళ్ళిస్తుంది. దాంతో బండి కదిలే క్షణంలో తిప్పే బలం రెండింతల దాకా పెరుగుతుంది. జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్న ఈ ఉపాయం మొదట ఓడల కోసం పుట్టింది.

రెండోది గేర్లు మార్చడం. ఇంజిన్ తిప్పే ఒక పంపు ఏటీఎఫ్‌ను ఇంచుమించు 4 నుంచి 15 బార్ల ఒత్తిడితో వాల్వ్ బాడీలోకి పంపుతుంది. కారు టైర్లలో ఉండే గాలి ఒత్తిడి సాధారణంగా రెండున్నర బార్లకు అటూ ఇటూ ఉంటుంది. వాల్వ్ బాడీలోని సన్నని దారుల గుండా ఈ ఒత్తిడి వెళ్ళి ఏ గేరుకు ఏ క్లచ్ బిగియాలో ఆ క్లచ్‌ను బిగిస్తుంది. మూడోది, ఆయిల్‌లో మునిగి ఉండే ఆ క్లచ్ ప్లేట్లు జారిపోకుండా, అలాగని కుదుపుతో పట్టేయకుండా సరిపడా రాపిడి ఉండేలా చూడటం. నాలుగోది కందెన పని. ఐదోది వేడిని మోసుకెళ్ళి రేడియేటర్‌లోని కూలర్‌లో వదిలిరావడం.

మట్టం ఎందుకు మారుతుంది?

ఉదాహరణకు 1990ల చివరి ఎఫ్-150లో వచ్చిన నాలుగు గేర్ల 4ఆర్70డబ్ల్యూ గేర్‌బాక్సును తీసుకుందాం. అందులో మొత్తం సుమారు 13 లీటర్ల ఏటీఎఫ్ పడుతుంది. అడుగున ఉన్న ఆయిల్ పాన్‌లో నిలిచేది అందులో ఒక భాగమే. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో, సన్నని దారుల్లో ఉంటుంది. డిప్‌స్టిక్ చూపించేది పాన్‌లో ఉన్న ఆయిల్ మట్టాన్నే.

ఇంజిన్ ఆపితే పంపు ఆగుతుంది. పైనున్న ఆయిల్ మెల్లగా పాన్‌లోకి దిగుతుంది. అప్పుడు పుల్ల తీస్తే నిజానికి తక్కువ ఉన్నా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంజిన్ ఆడుతుండగా చూడమనేది ఇందుకే. గేర్లన్నీ వేసి రమ్మనడానికి కారణమూ ఇదే: ఒక్కో గేరు వేసినప్పుడల్లా ఆ దారులూ క్లచ్‌లూ నిండుతాయి. అవి నిండాక పాన్‌లో మిగిలినదే అసలు మట్టం.

ఇక వేడి సంగతి. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా ఇలాంటి నూనెలు పది వేల భాగాలకు ఇంచుమించు ఏడు భాగాలు వ్యాకోచిస్తాయి. వినడానికి ఇది చాలా చిన్న అంకె. కానీ 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే 13 లీటర్ల ఆయిల్ 400 మిల్లీలీటర్లకు పైగా పెరుగుతుంది. కన్వర్టర్, పైపులు అప్పటికే నిండి ఉంటాయి కాబట్టి పెరిగిన ఆయిల్ దాదాపు అంతా పాన్‌లోనే తేలుతుంది. అందుకే చల్లటి ఆయిల్‌ను పుల్ల మీది వేడి గుర్తు దాకా నింపినవాళ్ళు తెలియకుండానే దాదాపు అర లీటరు అదనంగా పోసినట్టవుతుంది.

తక్కువైనా ఎక్కువైనా గాలే శత్రువు

మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీల్చుకుంటుంది. మరి ఎక్కువైతే? తిరిగే గేర్లు ఆయిల్‌ను తాకి చిలుకుతాయి, నురగ లేస్తుంది. ఆ నురగే పంపులోకి వెళ్తుంది. రెండు వైపులా జరిగేది ఒక్కటే, ఆయిల్‌లో గాలి చేరడం. ద్రవాన్ని నొక్కితే ఘనపరిమాణం దాదాపు తగ్గదు, గాలి అయితే ఇట్టే కుంచించుకుపోతుంది. ఒత్తిడి పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు పూర్తిగా బిగియక జారతాయి. ఆ జారుడుతో పుట్టే వేడి ఆయిల్‌నూ ప్లేట్లనూ మాడ్చేస్తుంది. డ్రైవ్‌లో వేశాక బండి ఒకటి రెండు క్షణాలు ఆలస్యంగా కదలడం, ఇంజిన్ గర్జిస్తున్నా వేగం అందుకోకపోవడం ఇందుకు తొలి సంకేతాలు.

వెనక ట్రైలరో, పడవో తగిలించి ఎత్తు ఎక్కే పికప్‌లో ఆయిల్ మామూలు కన్నా వేడెక్కుతుంది కాబట్టి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేసరికి ఆక్సీకరణ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క. బరువులు లాగే బండ్లకు ఏటీఎఫ్‌ను ముందుగా మార్చమని కంపెనీలు చెప్పేది అందుకే.

చూసే పద్ధతి

పైన చెప్పిన ఎఫ్-150కి ఫోర్డ్ సూచించే పద్ధతి ఇది. బండిని సుమారు 30 కిలోమీటర్లు నడిపితే ఆయిల్ 66 నుంచి 77 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ట్రైలర్ లాగినా, మండుటెండలో సిటీ ట్రాఫిక్‌లో తిరిగినా, చాలాసేపు అతివేగంగా వెళ్ళినా ఇంజిన్ ఆపి అరగంట చల్లారనివ్వాలి. తర్వాత బండిని చదును నేల మీద నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. బ్రేకు పెడల్ తొక్కిపట్టి ఒక్కో గేరులో కొన్ని క్షణాలు ఆగుతూ అన్ని గేర్లూ వేసి, మళ్ళీ పార్క్‌లోకి రావాలి. ఇంజిన్ ఆడుతుండగానే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీసి చూడాలి. మట్టం అడ్డగీతలు గీసిన వేడి భాగంలో ఉండాలి.

తుడిచే గుడ్డ నూలు పోగులు రాలనిదై ఉండాలి. వాల్వ్ బాడీ దారుల్లో ఒక్క పోగు ఇరుక్కున్నా గేర్లు తేడాగా పడతాయి. తిరిగే ఫ్యానుకు చేతులు, చున్నీ, పైట దూరంగా ఉంచుకోవాలి.

మట్టం తగ్గిందా? ఆయిల్ పోయాల్సింది పుల్ల తీసిన గొట్టంలోనే. పొడవాటి సన్న గరాటు పెట్టి ఒక్కసారికి 250 మిల్లీలీటర్లు మించకుండా పోసి, గేర్లు మళ్ళీ వేసి, మళ్ళీ చూడాలి. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్లకు పూసుకుని తప్పు మట్టం చూపించవచ్చు. కాసేపు ఆగి రెండు వైపులా చూసి, తక్కువ కనిపించిన వైపునే నమ్మాలి. ఎక్కువైతే అదే గొట్టం గుండా చేతి పంపుతో తోడేయాలి.

ఈ పద్ధతి అన్ని బండ్లకూ ఒకటే అనుకోవద్దు. పాత డాడ్జ్ ట్రక్కుల్లో పార్క్‌లో ఉండగా కన్వర్టర్‌కు ఆయిల్ అందదు, అందుకే న్యూట్రల్‌లో చూస్తారు. హోండా రిడ్జ్‌లైన్ పాత మోడల్లోనైతే ఇంజిన్ వేడెక్కాక ఆపి, ఆయిల్ దిగిపోకముందే చూడాలి. మీ బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం ఏం చెబితే అదే ప్రమాణం.

రంగు చెప్పే సంగతులు

ఏటీఎఫ్‌కు ఎరుపు సహజంగా వచ్చింది కాదు, ఇంజిన్ ఆయిల్‌తో కలగాపులగం కాకుండా కలిపిన రంగు. కొంత నల్లబడినంత మాత్రాన ఆయిల్ చెడిపోయిందని చెప్పలేం. ముదురు గోధుమ రంగుతో పాటు మాడు వాసన వస్తే మాత్రం క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. పుల్ల మీద లోహపు పొడి మెరిస్తే లోపల ఏదో అరుగుతోంది. రోజ్ మిల్క్‌లా చిక్కటి గులాబీ రంగు కనిపిస్తే రేడియేటర్‌లోని కూలర్ పగిలి కూలెంట్ కలిసిందని అర్థం. ఆ బండిని ఇక నడపకుండా టో చేయించుకుని షెడ్డుకు తీసుకెళ్ళాలి. నీళ్ళు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడిపోతుంది.

ఏ డబ్బా కొనాలి?

1949లో జనరల్ మోటార్స్ ‘టైప్ ఏ’ పేరుతో తొలి ప్రమాణాన్ని తెచ్చింది. తర్వాత ఆ కంపెనీకి డెక్స్‌రాన్, ఫోర్డ్‌కు మెర్కాన్, క్రైస్లర్‌కు ఏటీఎఫ్+4, టయోటాకు డబ్ల్యూఎస్ వచ్చాయి. ఒకప్పుడు ఏటీఎఫ్‌లో తిమింగలం నూనె కూడా కలిపేవారు. 1970ల్లో అమెరికాలో దానిపై నిషేధం రావడంతో కృత్రిమ రసాయనాలు ఆ చోటును తీసుకున్నాయి. ఇంధనం ఆదా కోసం కొత్త ఆయిల్‌ను నానాటికీ పలుచన చేస్తున్నారు. రాపిడిని మార్చే రసాయనాలూ ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటాయి. రకం మారితే గేరు పడేటప్పుడు వణుకు, కుదుపు వస్తాయి. ఫోర్డ్ పది గేర్ల గేర్‌బాక్సు కోరేది మెర్కాన్ యూఎల్‌వీ. దాని బదులు మెర్కాన్ ఎల్‌వీ పోయకూడదు.

మన దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. ఆటోమేటిక్ అని అమ్మే మన చిన్న కార్లలో చాలా వాటిలో ఉన్నది ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్‌బాక్సుకే యంత్రం క్లచ్ తొక్కి గేరు మార్చే ఏర్పాటు. సీవీటీ అనే మరో రకం ఆటోమేటిక్‌కు మళ్ళీ వేరే ఆయిల్. అన్నిటికీ ఒకే ఎర్ర డబ్బా పనికిరాదు.

పుల్ల లేని బండ్లు

హైలక్స్ వంటి నేటి పికప్‌లు చాలా వాటిలో డిప్‌స్టిక్ ఉండదు. లిఫ్టు మీద చదునుగా ఎత్తి, ఇంజిన్ ఆడిస్తూ, స్కానర్‌తో ఆయిల్ ఉష్ణోగ్రత చూసి, కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర కింది బిరడా విప్పుతారు. పొంగి కారే ఆయిల్ సన్నబడి చుక్కలుగా మారితే మట్టం సరిపోయినట్టు. పద్ధతి మారినా వేడి లెక్క మారలేదు. ఇది ఇంట్లో జాకీ వేసి చేసే పని కాదు, తెలిసిన షెడ్డుకే వదిలేయాలి.

చివరగా ఒక్క మాట. ఇంజిన్ ఆయిల్ కొద్దిగా మండి తగ్గడం మామూలే. ఏటీఎఫ్ అలా మండి తగ్గదు, ఖర్చు కాదు. మట్టం తగ్గిందంటే పాన్ ప్యాకింగ్ దగ్గరో, కూలర్ పైపు దగ్గరో, ఆయిల్ సీల్ దగ్గరో కారుతున్నట్టే. కాబట్టి లీటరు డబ్బా కొనేముందు బండి కింద ఎర్ర మరకలున్నాయేమో చూడండి. కారే చోటు కనిపెట్టి బాగుచేయించకుండా పోసే ఆయిల్ కొన్నాళ్ళ ఊరట మాత్రమే.