‘మా కుటుంబం’ పాఠం: రెండు ఇళ్ళు ఒకటైన చోట

తెలుగు బడిలో చేరిన నెల తిరక్కుండానే పిల్లలకి వచ్చే పాఠం ‘మా కుటుంబం’. అమ్మ, నాన్న, అక్క, తమ్ముడు, అమ్మమ్మ, తాతయ్య. బోర్డు మీద చెట్టు గీస్తాం, కొమ్మకొకరి పేరు రాయమంటాం. ఎక్కువమందికి అది పది నిమిషాల పని. ఒకరిద్దరు మాత్రం పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోతారు. వాళ్ళకి తెలుగు రాక కాదు, ఏ నాన్న పేరు రాయాలో తెలియక.

రెండో పెళ్ళితో ఆమె పిల్లలూ ఆయన పిల్లలూ ఒకే ఇంట్లో చేరిన కుటుంబాలు మన మధ్యా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ పైకి మాట్లాడరు. నలుగురైదుగురు పిల్లలు, అందులో ఒకరికి ఆటిజం, ఇంకొకరికి ఏడీహెచ్‌డీ లేదా డిస్లెక్సియా ఉంటే ఆ ఇంటి రోజు ఎలా గడుస్తుందో ఊహించండి. ఊళ్ళో అయితే పక్కింటి పిన్నిగారో, మేనత్తో కాసేపు ఒకరిని చూసుకుంటారు. ఇక్కడ దోహాలో రెండు మూడు గదుల ఫ్లాటు, వేసవి అంతా మూసిన తలుపులు, అమ్మమ్మ వీడియో కాల్‌లో మాత్రమే. అలాంటి తల్లిదండ్రులు సెలవు రోజు పొద్దున్నే పిల్లల్ని తయారుచేసి తెలుగు బడికి తీసుకొస్తున్నారంటే వాళ్ళకి ఈ భాష ఎంత ముఖ్యమో మనకి అర్థం కావాలి. వాళ్ళ పిల్లలకి ‘మా కుటుంబం’ ఎలా చెప్పాలన్నదే ఈ వ్యాసం.

కలిసిన కుటుంబం కొత్త సంగతేమీ కాదు. పాండవులే ఇద్దరు తల్లుల పిల్లలు. యక్షుడు ఒక్క తమ్ముణ్ణే బతికిస్తానంటే ధర్మరాజు భీముణ్ణీ అర్జునుణ్ణీ కాదని నకులుణ్ణి కోరుకున్నాడు. కుంతి కొడుకుల్లో తానున్నాడు కాబట్టి మాద్రి కొడుకుల్లోనూ ఒకడు బతకాలన్నాడు. వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. అంటే ఈ చర్చ మన సమాజంలో నూట నలభై ఏళ్ళు దాటింది. అయినా మన కథల పుస్తకాల్లో సవతి తల్లి అంటే ఇప్పటికీ అన్నం పెట్టని మనిషే. ఆ కథలు మానెయ్యమని నేను చెప్పను. కానీ తరగతిలో ఆరేళ్ళ పాప కొత్తగా ఒకామెని ‘అమ్మా’ అని పిలవడం నేర్చుకుంటున్న నెలలో ఆ కథ ఎంచుకోవడం అనవసరం. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటారు. కథలో సవతి తల్లి చెడ్డది, మా ఇంట్లో ఉన్నది సవతి తల్లి, కాబట్టి ఈమె చెడ్డది అని లెక్క కట్టేస్తారు. ఆ లెక్క ఇంటికెళ్ళి పైకే చెప్తారు కూడా.

పాఠం చెప్పేటప్పుడు మన భాషే మనకి సాయం చేస్తుంది. పెద్దనాన్న కొడుకు తెలుగులో ‘కజిన్’ కాదు, అన్న. పిన్ని కూతురు చెల్లెలు. ఒక తల్లి కడుపున పుట్టకపోయినా అన్నా చెల్లీ అని పిలుచుకోవడం మనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చాలా ఇళ్ళల్లో నాన్న రెండో భార్యని ‘పిన్ని’ అంటారు. అమ్మ చెల్లెలికీ అదే పిలుపు కాబట్టి పిల్లకి అది పరాయి మాటగా తోచదు. కొన్ని ఇళ్ళల్లో ‘అమ్మ’ అనే అంటారు, ఇంకొన్నింట్లో చాలా ఏళ్ళు ‘ఆంటీ’, ‘అంకుల్’ దగ్గరే ఆగిపోతారు. ఏది సరైనదో తేల్చడం మన పని కాదు. ఆ బిడ్డ ఎవరిని ఏమని పిలుస్తుందో తెలుసుకుని ఆ మాటే వాడాలి. చెట్టు బొమ్మకి బదులు ఇల్లు గీయించండి. ఇంట్లో ఎవరెవరు ఉంటారో, వాళ్ళని ఏమని పిలుస్తావో రాయమనండి. పక్కన ఇంకో ఇల్లు గీస్తానంటే గీయనివ్వండి. హైదరాబాద్‌లో ఉన్న నాన్నకి అక్కడ చోటు దొరుకుతుంది.

ఇక్కడే ‘మా’, ‘మన’ అన్న తేడా చెప్పాలి. వ్యాకరణంలో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాం: వినేవాళ్ళని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. కలిసిన కుటుంబంలో ఈ ఒక్క అక్షరం మీద ఎంత బరువు ఉంటుందో చూడండి. బయటివాళ్ళతో ‘మా నాన్న’ అంటే మామూలు మాట. అదే మాట ఒక పిల్లాడు ఇంట్లోకి కొత్తగా వచ్చిన చెల్లెలితో అంటే, ‘నీ నాన్న కాదు’ అని చెప్పినట్టే. ‘మన నాన్న’ అంటే ఆమెని లోపలికి తీసుకున్నట్టు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ ‘అవర్’ ఒక్కటే, కాబట్టి ఇంగ్లీషులో పెరిగే పిల్లలకి ఈ తేడా చెవికి ఆనదు. తెలియకుండానే ‘మా’ అనేసి, అవతలివాళ్ళు ఎందుకు ముఖం తిప్పుకున్నారో అర్థం కాక చూస్తారు. అందుకని ‘మన’ని నాన్నతో మొదలుపెట్టకండి. ముందు వస్తువులతో ఆడించండి: మన బంతి, మన బల్ల, మన తరగతి. మనుషుల దగ్గరికి ఎప్పుడు రావాలో ఆ ఇల్లే చూసుకుంటుంది. ‘చెల్లితో మన నాన్న అని చెప్పు’ అని తరగతిలో పిల్లాడి మీద ఒత్తిడి పెట్టడం మాత్రం వద్దు.

ఆటిజం ఉన్న కొందరు పిల్లలకి అసలు ‘నేను’, ‘నువ్వు’ అన్న మాటలే తారుమారవుతాయి. 1943లో లియో కానర్ ఆటిజం గురించి రాసిన మొదటి వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. తెలుగులో ఇది సర్వనామంలో కన్నా క్రియ చివర ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే మనం ‘నేను’, ‘నువ్వు’ తరచూ వదిలేస్తాం. ఆకలేసిన పిల్లాడు అమ్మ దగ్గరికొచ్చి ‘అన్నం తింటావా?’ అంటాడు. అమ్మని అడగడం లేదు, అన్నం వచ్చే ముందు రోజూ వినిపించే వాక్యాన్ని తిరిగి అంటున్నాడు. ‘తింటావా కాదు, తింటానూ’ అని దిద్దితే ఆ దిద్దుబాటునీ అలాగే అప్పజెప్తాడు. వాడి తరఫున వాడు అనాల్సిన వాక్యమే మనం అనడం మేలు: ‘ఆకలేస్తోంది. అన్నం తింటాను.’ అని వెంటనే పెట్టెయ్యడం. ‘టీచర్, నువ్వు రా’ అన్నప్పుడు కూడా ముందు వెళ్ళండి. ‘మీరు’ తర్వాత నేర్పొచ్చు. పిలవడమే వాడికి పెద్ద పని.

ఇంటి భాష విషయానికొస్తే, మన తల్లిదండ్రులకి తరచూ దొరికే సలహా ఒకటుంది: బిడ్డకి మాట ఆలస్యం కాబట్టి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి, తెలుగు ఆపెయ్యండి అని. దీనికి పరిశోధనల బలం లేదు. హాంబ్లీ, ఫొంబోన్ అనే ఇద్దరు మాంట్రియల్‌లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లల్ని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళకి ఒక భాషలో పెరిగినవాళ్ళ కన్నా అదనపు ఆలస్యం కనిపించలేదు. పెద్ద కుటుంబంలో ఈ సలహా పాటిస్తే ఏమవుతుందో ఆలోచించండి. అమ్మానాన్నా తమలో తాము తెలుగే మాట్లాడుకుంటారు, మిగతా పిల్లలతో తెలుగే, అమ్మమ్మతో తెలుగే. ఈ ఒక్క బిడ్డతో మాత్రం అలవాటు లేని ఇంగ్లీషులో, అదీ ఆజ్ఞల్లాగా: ‘సిట్’, ‘ఈట్’, ‘కమ్’. భోజనాల దగ్గర ఆరుగురు నవ్వుకుంటుంటే ఆ బిడ్డకి అది వట్టి శబ్దం. ఇప్పటికే రెండు ఇళ్ళు కలిసిన చోట ఇంకో గోడ ఎందుకు కట్టాలి?

అలాగని థెరపీ మానమని కాదు. అక్కడ ఇంగ్లీషు వాడితే వాడనివ్వండి, ఆ వారం నేర్పిన మాటలేవో అడిగి తెలుగులో అవే మాటలు ఇంట్లో వాడండి. బొమ్మల కార్డులతో మాట్లాడే పిల్లలకి కార్డు కింద తెలుగు కూడా రాసిస్తే తరగతిలో మనకీ పనికొస్తుంది.

చదవడం రాయడం దగ్గర ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకి ఇరవై ఆరు అక్షరాలు. మనకి అచ్చులు, హల్లులు, ఆపైన గుణింతాలు, ఒత్తులు కలిపితే గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లోకి వెళ్తాయి. కన్నడ పిల్లల మీద సొనాలీ నాగ్ చేసిన పనిలో, అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి ఏ ఇబ్బందీ లేని పిల్లలకే కొన్నేళ్ళు పడుతుందని తేలింది. మన లిపి నిర్మాణం కూడా అలాంటిదే. డిస్లెక్సియా ఉన్న బిడ్డకి ‘క’ నుంచి ‘కః’ వరకూ ఒకే వారంలో ఇచ్చెయ్యకండి. రెండు గుణింతపు గుర్తులు చాలు, వాటితో వచ్చే నిజమైన మాటలు చాలు. మన పరీక్షల్లో సమయం విషయంలో మొహమాటపడాల్సిన పనే లేదు. ఇక్కడి భారతీయ పాఠశాలల్లో చాలావాటికి వర్తించే సీబీఎస్‌ఈ నిబంధనలే ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులకి మూడు గంటల పరీక్షకి గంట అదనంగా ఇస్తాయి, రెండు భాషలకి బదులు ఒక భాషతో సరిపెట్టుకోనిస్తాయి. వారాంతపు బడి అంతకన్నా కఠినంగా ఉండడం విడ్డూరం.

ఇంటిపని గురించి ఒక చిన్న మనవి. ఒకే ఇంటినుంచి నలుగురు వస్తుంటే నాలుగు తరగతులు నాలుగు కాగితాలు పంపుతున్నాయి. ఆ ఇంటికి ఒకే పని ఇవ్వండి. ఉదాహరణకి, ఈ వారం అందరూ కలిసి పులిహోర చెయ్యాలి. చిన్నవాడు పోపు దినుసుల పేర్లు చెప్తాడు, మాట రాని బిడ్డ కార్డులు వరసలో పెడతాడు, పెద్దది చేసే విధానం రాస్తుంది. మార్కులు ఎవరివి వాళ్ళకే.

ఆ పెద్దదాని గురించీ చెప్పాలి. ఇలాంటి ఇంట్లో ఎవరో ఒక అక్క, చాలాసార్లు పదకొండు పన్నెండేళ్ళ పిల్ల, అందరికీ రెండో అమ్మ అయిపోతుంది. తమ్ముడు తరగతిలో చెవులు మూసుకుని అరిస్తే మనం కూడా ‘వాళ్ళక్కని పిలవండి’ అంటాం. అలా పిలవడం ఆపుదాం. ఆ గంట ఆమె చదువుకోవడానికి వచ్చింది. పైగా అతను ఆమెకి తోడబుట్టినవాడు కాకపోవచ్చు, ఆ బంధం ఇంకా కుదురుకుంటూ ఉండొచ్చు. దానిమీద మన పని బరువు పెట్టకూడదు. సహాయకుల్ని ముందే నియమించుకోవాలి. అరుపుకి కారణం చాలాసార్లు చిన్నది: ఏసీ మోత, ట్యూబ్‌లైటు మినుకు, చెప్పకుండా మార్చిన గది. రంజాన్‌లో వేళలు మారేటప్పుడు, వేసవి సెలవుల ముందు, వారం ముందుగానే బొమ్మల పట్టికలో చూపిస్తే సగం గొడవ తగ్గుతుంది.

రోగనిర్ధారణ మన పని కాదు. ‘మీవాడికి ఆటిజం ఉన్నట్టుందండీ’ అని గుమ్మం దగ్గర అనే హక్కు మనకి లేదు. ‘పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదు, నాలుగు వారాలుగా చూస్తున్నాం’ అని చూసింది చూసినట్టు, విడిగా, తల్లిదండ్రులిద్దరికీ చెప్పండి. ఈ దేశంలో ఈ విషయం దాచుకోవాల్సింది కాదు. ఏప్రిల్ 2ని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి 2007 డిసెంబర్‌లో ప్రకటించింది ఖతార్ ప్రతిపాదన మీదే. 2017లో ఇక్కడ జాతీయ ఆటిజం ప్రణాళిక వచ్చింది. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఖతార్‌లో 6 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో 1.14 శాతం మందికి, అంటే సుమారు 87 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. పరీక్ష చేయించుకోవాలంటే హమద్ మెడికల్ కార్పొరేషన్, సిద్రా మెడిసిన్ ఉన్నాయి. సెలవులకి ఇంటికెళ్ళేవాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది, దాన్ని ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.

చివరగా మన ప్రవేశ ఫారం. ‘తండ్రి పేరు’, ‘తల్లి పేరు’ గడుల కింద ఇంకో మూడు గడులు చేర్చాలని కోరుతున్నాను: బిడ్డతో ఇంట్లో ఎవరెవరు ఉంటారు, వాళ్ళని ఏమని పిలుస్తుంది, బడి నుంచి ఎవరు తీసుకెళ్ళొచ్చు. దాని వెనకవైపు, ఇష్టమైతేనే నింపేలా, ఏ శబ్దాలు భరించలేదు, కోపం వస్తే ఏం చేస్తే చల్లబడుతుంది అని రెండు ప్రశ్నలు. నింపిన ఫారం తరగతి టీచరు, సమన్వయకర్త తప్ప ఎవరూ చూడకూడదు, వాట్సాప్ గ్రూపులో ఫొటో తీసి పెట్టకూడదు. దోహాలో తెలుగువాళ్ళం ఎక్కువమంది ఒకరికొకరం తెలిసినవాళ్ళమే.