పట్టాలు లేని ట్రామ్

ట్రామ్ అనగానే రోడ్డుమీద ఇనుప పట్టాలు, పైన విద్యుత్ తీగ గుర్తొస్తాయి. మరి పట్టాలు లేకుండా ట్రామ్ నడుస్తుందా? నడిచింది!

జర్మనీలో డ్రెస్డెన్ నగరానికి దగ్గరగా, ఎల్బే నది ఒడ్డున కోనిగ్‌స్టయిన్ అనే చిన్న ఊరుంది. 1901 జూలై 10న ఆ ఊరి నుంచి బీలా లోయలోకి ఒక వింత బండి బయలుదేరింది. దాని రూపశిల్పి మాక్స్ షీమన్ అనే ఇంజనీరు.

పట్టాలు పరచాలంటే బోలెడు ఖర్చు. చిన్న ఊళ్ళకు అది గిట్టదు. కాని పట్టాలు తీసేస్తే ఒక చిక్కుంది. విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తికావాలి. ట్రామ్‌లో విద్యుత్తు తీగ గుండా వచ్చి, మోటారును తిప్పి, పట్టాల గుండా తిరిగిపోతుంది. పట్టాలే లేకపోతే తిరుగుదారి ఏది? అందుకే పైన రెండు తీగలు కట్టారు. ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి.

ఇంకో చిక్కు: రోడ్డుమీద బండి అటూ ఇటూ జరుగుతుంది. తీగతో సంబంధం తెగితే ఆగిపోతుంది. 1882లో బెర్లిన్ దగ్గర వెర్నర్ సీమెన్స్ నడిపిన బండికి తీగలమీద దొర్లే చిన్న చక్రాల పెట్టె ఉండేది. షీమన్ బండి కప్పుమీద రెండు కడ్డీలు అమర్చాడు. స్ప్రింగులు వాటిని కిందినుంచి తీగలకు అదిమిపెట్టేవి.

1904లోనే ఈ బండి ఆగిపోయింది. కాని ఆ కడ్డీల పద్ధతి నిలిచింది. నేటి ట్రాలీబస్సులు నడిచేది అలాగే. మన బొంబాయిలోనూ 1962 నుంచి 1971 వరకు ట్రాలీబస్సులు తిరిగాయి.

పిల్లలూ! ఆ తీగల్లో ఒకదానిమీద వాలిన పిచ్చుకకు షాక్ ఎందుకు కొట్టదు? తిరుగుదారి సంగతి గుర్తుచేసుకుని ఆలోచించండి.