సగం రాష్ట్రాలు ఒప్పుకోవాలి

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడమనిషి సర్పంచి అయితే ఇప్పుడు ఎవరూ వింతగా చూడరు. ఒకప్పుడు అట్లా కాదు. సర్పంచి అంటే మగవాడే. అదీ కలిగిన ఇంటివాడే.

మరి దీన్ని ఎవరు మార్చారు? ఊరివాళ్ళా? కలెక్టరా? కాదు. రాజ్యాంగమే మారింది. పంచాయతీల్లో మూడింట ఒక వంతు స్థానాలు ఆడవాళ్ళకు ఇవ్వాలని అందులో రాశారు. అట్లా రాయడానికి ఢిల్లీలోని పార్లమెంటు ఒక్కటే చాలలేదు. రాష్ట్రాల శాసనసభలు కూడా 'సరే' అనాల్సి వచ్చింది.

రాజ్యాంగం అంటే దేశాన్ని నడిపే పెద్ద చట్టం. దాన్ని మార్చడాన్ని సవరణ అంటారు. ఎట్లా మార్చాలో 368వ అధికరణం చెబుతుంది. లోక్‌సభలో, రాజ్యసభలో హాజరై ఓటు వేసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ ఓట్లు సభ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ ఉండాలి. చాలా సవరణలకు ఇది చాలు. కొన్నింటికి మాత్రం దేశంలోని రాష్ట్రాల శాసనసభల్లో కనీసం సగం ఆమోదించాలి. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలు పంచిన లెక్క మార్చాలన్నా, పార్లమెంటులో రాష్ట్రాలకున్న స్థానాల లెక్క మార్చాలన్నా ఈ పద్ధతే.

ఎందుకీ కట్టుబాటు? తుంగభద్ర దిగువ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. నీళ్ళ వంతు మార్చాలంటే పై ఊరివాళ్ళు మాత్రమే కూర్చుని తీర్మానం చేస్తే కింది ఊళ్ళు ఒప్పుకుంటాయా? వంతు అందరిది. కాబట్టి మార్చేటప్పుడు కింది ఊళ్ళను కూడా అడగాలి.

"మా ఎమ్మెల్యే రోడ్డు వేయిస్తాడు, కొళాయి పెట్టిస్తాడు. రాజ్యాంగంతో ఆయప్పకేం పని?" అని అడిగేవాళ్ళుంటారు. పని ఉంది. శాసనసభలో 'సరే' అనో 'కాదు' అనో చెయ్యెత్తేది ఆదోని ఎమ్మెల్యే, ఎమ్మిగనూరు ఎమ్మెల్యే లాంటివాళ్ళే. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేదీ ఎమ్మెల్యేలే. పైగా వాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఓటు వేయరు. ఓటు ఎట్లా వేయాలో పార్టీ ఆజ్ఞ ఇస్తుంది. దాన్ని విప్ అంటారు. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ మీరితే పదవే పోవచ్చు. అందుకని ఏ రాష్ట్రంలో ఏ పార్టీ గెలిచిందన్నది ముఖ్యమవుతుంది.

పంచాయతీల సంగతే చూద్దాం. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పంచాయతీల కోసం 64వ సవరణ బిల్లు తెచ్చింది. లోక్‌సభలో కాంగ్రెసుకు బలం ఎక్కువ, కాబట్టి అక్కడ నెగ్గింది. రాజ్యసభలో అంత బలం లేదు. రాష్ట్రాలను దాటుకుని ఢిల్లీ నేరుగా పల్లెల మీద పెత్తనం చేయాలని చూస్తోందని ప్రతిపక్షాలు అన్నాయి. అప్పుడు మన రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం, ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు. ప్రతిపక్షాల నేషనల్ ఫ్రంటుకు ఆయనే అధ్యక్షుడు. 1989 అక్టోబరు 13న రాజ్యసభలో బిల్లు ఓడిపోయింది. రాష్ట్రాల దాకా రానేలేదు.

మూడేళ్ళు తిరిగేసరికి పరిస్థితి మారింది. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు. ఆయన 1991లో లోక్‌సభకు వెళ్ళింది అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచే. 1992 అక్టోబరులో ముఖ్యమంత్రి అయిన కోట్ల విజయభాస్కర రెడ్డిదీ కర్నూలు జిల్లానే. ఢిల్లీలో, హైదరాబాదులో ఒకే పార్టీ. అయితే ఒక్క మన రాష్ట్రంతో పని జరగదు. అప్పుడు దేశంలో 25 రాష్ట్రాలు. సగం కావాలంటే 13 ఒప్పుకోవాలి. 1992 డిసెంబరులో పార్లమెంటు రెండు సభలూ 73వ సవరణను ఆమోదించాయి. అదే నెలలో, అయోధ్య గొడవ తర్వాత, బీజేపీ ఏలుతున్న నాలుగు రాష్ట్రాల శాసనసభలు రద్దయ్యాయి. సభే లేని చోట తీర్మానం ఎవరు చేస్తారు? అయినా 17 రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. 1993 ఏప్రిల్ 24 నుంచి సవరణ అమలయింది. పట్టణాల కోసం చేసిన 74వ సవరణ ఆ జూన్ 1న వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపాలిటీలు దాని కిందికే వస్తాయి.

పార్టీల మాట ఎట్లా తిరుగుతుందో జీఎస్టీ పన్ను విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. రాష్ట్రాలు తమ అమ్మకం పన్నును చాలావరకు వదులుకుని, దేశమంతా ఒకే రకం పన్నుకు రావాలి. కాబట్టి రాష్ట్రాల ఆమోదం తప్పదు. 2011లో కాంగ్రెసు ప్రభుత్వం బిల్లు పెట్టింది. బీజేపీ ఏలుతున్న గుజరాత్ వద్దంది. ఆ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే పోయింది. తర్వాత బీజేపీ ఢిల్లీలో గద్దెనెక్కి మళ్ళీ బిల్లు తెచ్చింది. ఈసారి రాజ్యసభలో అడ్డుపడింది కాంగ్రెసు! చివరికి 2016 ఆగస్టులో రాజీ కుదిరింది. ఆగస్టు 12న అస్సాం మొదట ఆమోదించింది. అక్కడ బీజేపీ ప్రభుత్వం. కాంగ్రెసు ఏలే హిమాచల్ ప్రదేశ్, టీఆర్‌ఎస్ ఏలే తెలంగాణ కూడా ఒప్పుకున్నాయి. సెప్టెంబరు 1న ఒడిశాతో 16 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ సెప్టెంబరు 8న ఆమోదించింది. రాష్ట్రపతి సంతకం చేసిందీ ఆ రోజే. అప్పుడు ఎమ్మిగనూరు ఎమ్మెల్యేది రాష్ట్రాన్ని ఏలే తెలుగుదేశం, ఆదోని ఎమ్మెల్యేది ప్రతిపక్షం. 2017 జూలై 1 నుంచి పత్తి మీద, పత్తి నూలు మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆదోని యార్డూ ఎమ్మిగనూరు మగ్గమూ రెండూ దాని కిందికి వచ్చాయి.

అయితే రాష్ట్రం 'కాదు' అన్న ప్రతిసారీ ఢిల్లీ ఆగదు. 2014 జనవరి 30న రాష్ట్ర విభజన బిల్లును మన శాసనసభ తిరస్కరించింది. అయినా పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. ఎందుకంటే రాష్ట్రాన్ని విడదీసేది 368 కింద కాదు, 3వ అధికరణం కింద. అక్కడ శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. ఈ తేడా తెలియక అప్పట్లో చదువుకున్నవాళ్ళు కూడా తికమకపడ్డారు.

శాసనసభ 'సరే' అనడంతో పంచాయతీల కథ అయిపోలేదు. సవరణకు తగినట్టు రాష్ట్రం తన చట్టం చేసుకోవాలి. మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. తర్వాత ఆడవాళ్ళ వాటాను సగానికి పెంచింది. అది మంచి మాట. కానీ పంచాయతీలకు అప్పగించవచ్చని రాజ్యాంగంలో 29 పనులు రాశారు. 'అప్పగించవచ్చు' అన్నారే గానీ 'అప్పగించి తీరాలి' అనలేదు. ఆ సందులోనే రాష్ట్రాన్ని ఏలిన పార్టీలన్నీ పెత్తనం తమ దగ్గర ఉంచుకున్నాయి.

ఎన్నికల సంగతి మాత్రం రాజ్యాంగం గట్టిగానే చెప్పింది. ఐదేళ్ళు నిండేలోపు మళ్ళీ ఎన్నిక జరగాలి. అయినా 2011 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2013 జూలైలో గానీ ఎన్నికలు రాలేదు. అప్పుడు కాంగ్రెసు ప్రభుత్వం. మళ్ళీ 2018 ఆగస్టులో గడువు తీరింది. తెలుగుదేశం ప్రభుత్వం ఎన్నికలు పెట్టలేదు. 2019లో వచ్చిన వైఎస్సార్ కాంగ్రెసు ప్రభుత్వమూ వెంటనే పెట్టలేదు. ఎన్నికైన పంచాయతీ లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి. వీధి దీపం, మురికి కాలువ పనులు కూడా ఆగుతాయి. చివరికి ఎన్నికల సంఘానికీ ప్రభుత్వానికీ తగవు ముదిరి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 జనవరి 25న కోర్టు ప్రభుత్వం మాట కొట్టేసింది. ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పోలింగు జరిగింది. అప్పటికి రెండున్నరేళ్ళుగా పల్లెల్లో ఏ కాగితం మీదా సర్పంచి సంతకం లేదు, స్పెషలాఫీసరు సంతకమే.