గెల కోశాక 24 గంటలు

సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట దాకా దారి పొడవునా పామాయిల్ తోటలే. మాదీ ఒకటి. 2021లో కేంద్రం తెచ్చిన ఆయిల్‌పామ్ మిషన్ ఆలోచన మంచిదే: నూనె దిగుమతి తగ్గాలి, ఒక్కో ప్రాంతం గెలలు ఒక్కో ఫ్యాక్టరీ కొనాలి. కానీ నాటిన నాలుగేళ్లకు గాని కాపు అందదు. ఆ తర్వాత లెక్కంతా గంటల్లోనే.

చెట్టు కింద కొన్ని పండ్లు రాలితే గెల పండినట్టు. పచ్చిగా కోస్తే నూనె తగ్గుతుంది. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే కత్తి పట్టకముందే ట్రాక్టర్ మాట్లాడుకుంటాం, రాలిన పండ్లు కూడా ఏరి సంచుల్లో నింపుతాం.

మాకు అశ్వారావుపేట, అప్పారావుపేటల్లోని సహకార సంస్థ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు దగ్గర. ఈ పంట కొత్తగా వేస్తున్న జిల్లాల్లో మాత్రం మొక్కలు పంచే రోజే ఫ్యాక్టరీకి, రోడ్డుకు, కోత కూలీల శిక్షణకు తేదీలు రాసిపెట్టాలి.