మీకు తెలుసా? దక్షిణాది రంగుల్లో హంగేరీ కుంచె

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. తల్లి హంగేరీ గాయని, తండ్రి పంజాబీ సిక్కు. చూసి గీయడానికి సజీవ మనుషులనే ఎంచుకోమని చిన్ననాడే సలహా ఇచ్చిన మేనమామ ఎర్విన్ బక్తాయ్ మొదట చిత్రకారుడు, తర్వాత భారతీయ విద్యల పండితుడు. పారిస్‌లో చదువు ముగించుకుని 1934లో ఆమె భారతదేశానికి తిరిగొచ్చింది.

1936 చివర్లో అజంతా చూసి, హైదరాబాద్ మీదుగా కన్యాకుమారి దాకా సాగిన ప్రయాణం ఆమె శైలిని మార్చేసింది. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ ఆమె బొమ్మలు చూశాడు గానీ కొనలేదు. కళాఖండాలు కుప్పలుగా పోగేసిన మనిషికి ఇవి మాత్రం రుచించలేదన్నమాట!

1937 నాటి ‘బ్రహ్మచారులు’ చిత్రంలో తెల్ల పంచెలు, జంధ్యాలతో కుర్రాళ్లు కదలకుండా కూర్చుని ఉంటారు. ముఖాల్లో ఏడుపూ లేదు, నవ్వూ లేదు. ఉద్వేగమంతా ఒంటి నలుపుకూ పంచెల తెలుపుకూ మధ్యనే పలుకుతుంది. ‘పెళ్లికూతురి అలంకరణ’, ‘సంతకు వెళ్తున్న దక్షిణాది పల్లెవాసులు’ కూడా ఆ ఏడాదివే.

1938లో హంగేరీలో పెళ్లి చేసుకుని, అక్కడి సంతనూ చిత్రించింది. 1941లో లాహోర్‌లో, 28 ఏళ్లకే కన్నుమూసింది.